ముందు బీటెక్ చెయ్యి, తర్వాత ఎగురుదువుగాని

మన ఇళ్ళలో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లాడో పిల్లో "నేను పైలట్ అవుతాను" అంటే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ముందు తండ్రి నవ్వుతాడు. తర్వాత తల్లి "వద్దురా, విమానాలు కూలిపోతున్నాయి" అంటుంది (2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత మరీను). ఆ తర్వాత చుట్టాల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ వాడికి ఫోన్ వెళ్తుంది. ఎందుకో తెలీదు గానీ, మనకి జావా వస్తే చాలు, లోకంలో ఉన్న అన్ని వృత్తుల గురించీ సలహా ఇచ్చే అర్హత వచ్చేసిందని మనవాళ్ళ నమ్మకం. మనం కూడా ఆ నమ్మకాన్ని వమ్ము చెయ్యం. గొంతు సవరించుకుని, "చూడు తమ్ముడూ, ఇష్టం ఉండటం మంచిదే, కానీ చేతిలో ఒక బ్యాకప్ ఉండాలి. ముందు బీటెక్ చేసెయ్, తర్వాత ఎగురుదువుగాని" అంటాం. అవతల తండ్రి "అదీ, నేను మొత్తుకునేదీ అదే" అని ఫోన్ లాక్కుంటాడు. కథ కంచికి, మనం స్టాండప్ మీటింగుకి.

నా గొడవ బ్యాకప్ ఉండాలన్నందుకు కాదు. పైలట్ అవ్వాలనుకునేవాడికి బ్యాకప్ ఉండి తీరాలి. ఉద్యోగం మీదా, ఒంటి మీదా, దేశ ఆర్థిక పరిస్థితి మీదా ఇంతగా ఆధారపడే వృత్తులు తక్కువ. నా గొడవంతా, బ్యాకప్ అంటే ఏంటో బాగా తెలిసిన మనమే ఈ విషయంలో బ్యాకప్ కానిదాన్ని బ్యాకప్ అని అంటగడుతున్నందుకు.

ఒక్కసారి ఆఫీసు గుర్తు తెచ్చుకోండి. ఎవరైనా జూనియర్ వచ్చి "డేటాబేస్‌కి బ్యాకప్ పెట్టానండీ" అంటే మనం ఏం అడుగుతాం? మూడే ప్రశ్నలు. ఒకటి, ఆ బ్యాకప్ ఎక్కడుంది? అదే ర్యాక్‌లో, అదే కరెంటు మీద నడుస్తుంటే అది బ్యాకప్ కాదు, రెండో శవం. రెండు, బ్యాకప్ తీసే పని అసలు సిస్టమ్‌ని పడుకోబెట్టెయ్యట్లేదు కదా? మూడు, చివరిసారి రిస్టోర్ చేసి చూసిందెప్పుడు? ఎప్పుడూ రిస్టోర్ చేసి చూడని బ్యాకప్, ఉందో లేదో దేవుడికే తెలియాలి. నాలుగు టెరాబైట్ల లాగ్ ఫైళ్ళకి ఇంత ఆలోచించేవాళ్ళం, మన పిన్ని కొడుకు జీవితానికొచ్చేసరికి "బీటెక్ చెయ్" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం!

సరే, ముందు అసలు సిస్టమ్ ఏంటో చూద్దాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్, అదే సీపీఎల్, రావడానికి డిగ్రీ అక్కర్లేదు. 18 ఏళ్ళు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మేథ్స్ ఉండాలి (ఆ నిబంధన సడలించాలన్న ప్రతిపాదన 2025లో వార్తల్లోకి వచ్చింది; సీఈసీ చదివినవాళ్ళు ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ రాసి తెచ్చుకోవడం ఎప్పట్నుంచో ఉంది). క్లాస్ 1 మెడికల్ పాసవ్వాలి. నేవిగేషన్, మెటియొరాలజీ, రెగ్యులేషన్స్ లాంటి పేపర్లు గట్టెక్కాలి. 200 గంటలు ఎగరాలి. అంతా సవ్యంగా సాగితే ఏడాదిన్నర, రెండేళ్ళ పని. ఖర్చు దాదాపు యాభై లక్షలు. ఆ పైన ఎయిర్‌బస్సో బోయింగో నడపడానికి టైప్ రేటింగ్ అని ఇంకో వడ్డన. ఎయిర్‌లైన్స్ వాళ్ళ క్యాడెట్ ప్రోగ్రాముల్లో చేరితే అన్నీ కలిపి కోటి చుట్టుపక్కల తేలుతుంది.

ఇప్పుడీ సిస్టమ్ ఎన్ని రకాలుగా కూలొచ్చు? నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది, మొదట్లోనే ఆగిపోవడం. మెడికల్ పోతుంది, లేదా సగం గంటలు ఎగిరాక ఇది నా వల్ల కాదని తెలుస్తుంది. రెండోది, లైసెన్స్ వచ్చినా ఉద్యోగం రాకపోవడం. 2005లో కింగ్‌ఫిషర్, స్పైస్‌జెట్, 2006లో ఇండిగో మొదలైనప్పుడు ఊరూరా పైలట్ కలలు మొలిచాయి. ఆ ఊపులో ఊళ్ళో పొలాలు అమ్మి అమెరికాలోనో ఫిలిప్పీన్స్‌లోనో శిక్షణ పొంది, 2008-09 మాంద్యం నడిబొడ్డున లైసెన్స్ పట్టుకుని దిగినవాళ్ళు ఏళ్ళ తరబడి ఖాళీగా కూర్చున్నారు. మూడోది, ఉద్యోగం వచ్చాక కంపెనీయే మునిగిపోవడం. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం ఎగిరింది. 2023 మే 3న గో ఫస్ట్ ఆగింది. మధ్యలో కోవిడ్ వచ్చి, 2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో ప్రయాణికుల విమానాలు మొత్తం నేలమీదే ఉన్నాయి. నాలుగోది, అన్నిటికన్నా భయంకరమైనది... నలభై రెండేళ్ళప్పుడు షుగరో, గుండెలో చిన్న తేడానో, చెవిలో సమస్యో వచ్చి మెడికల్ రద్దవడం. మనకి బీపీ వస్తే ఉప్పు తగ్గించుకుని కోడ్ రాసుకుంటాం. వాళ్ళకి అలా కుదరదు. ఒంటికి పరీక్ష క్రమం తప్పకుండా జరుగుతూనే ఉంటుంది, ప్రతిసారీ అదొక ఉద్యోగ ఇంటర్వ్యూయే.

బ్యాకప్ డిగ్రీ అంటే ఈ నాలుగు దెబ్బల్లో కనీసం రెండు మూడిటికి కాయాలి. ఇప్పుడు మనవాళ్ళు చెప్పే డిగ్రీలని ఒక్కొక్కటిగా ఆ మూడు ప్రశ్నల ముందు నిలబెడదాం.

ముందుగా బీబీఏ ఏవియేషన్, బీఎస్సీ ఏవియేషన్ బాపతు. బ్రోషర్ మీద తెల్ల చొక్కా, భుజాన బంగారు గీతలు, వెనకాల విమానం. చాలా చోట్ల లోపల చెప్పేది ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్, గ్రౌండ్ హ్యాండ్లింగ్, టికెటింగ్ వగైరా. చదువుగా అవి తప్పని నేననను. ఆ పని ఇష్టపడి చేరేవాళ్ళకి అది సరైన దారే. కానీ పైలట్‌కి బ్యాకప్ అంటేనే ఒళ్ళు మండుతుంది. 2019లో జెట్ మూతపడినప్పుడు పైలట్ ఒక్కడి ఉద్యోగమే పోయిందా? కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చే అమ్మాయిదీ పోయింది, బ్యాగులు ఎక్కించే కుర్రాడిదీ పోయింది. అదే ర్యాక్, అదే కరెంటు. పైలట్ ఉద్యోగం ఎప్పుడు పోతుందో సరిగ్గా అప్పుడే పనికిరాకుండా పోయే డిగ్రీకి మూడేళ్ళు, లక్షలు పోసి దానికి బ్యాకప్ అని పేరు పెట్టడం... ఇంతకన్నా పెద్ద డిజైన్ లోపం నేను ప్రొడక్షన్‌లో కూడా చూళ్ళేదు. డిగ్రీతో కలిపి సీపీఎల్ అని అమ్మే మూడేళ్ళ కోర్సులు కూడా సౌకర్యం కోసం తీసుకుంటే తీసుకోండి. అందులోంచి సీపీఎల్ తీసేస్తే మిగిలే కాగితం విలువెంతో లెక్కేసుకున్నాకే తీసుకోండి.

రెండోది ఏరోనాటికల్ ఇంజనీరింగ్. "విమానాల చదువే కదా, చదివితే పైలట్ అవ్వొచ్చు" అని నమ్మేవాళ్ళు ఇప్పటికీ వీధికి ఇద్దరున్నారు. బాబూ, బస్సు తయారుచేసేవాడు వేరు, బస్సు నడిపేవాడు వేరు. ఏరోనాటికల్ చదివితే సీపీఎల్‌కి ఒక్క గంట కూడా తగ్గదు. ఇది ఎయిర్‌లైన్స్‌తో పాటే మునుగుతుందని మాత్రం అనను. హెచ్ఏఎల్, ఇస్రో, డీఆర్డీవో లాంటివి టికెట్ల అమ్మకాల మీద నడవవు. కానీ ఆ తలుపులు ఇరుకు. మనసంతా దానిమీదే పెట్టి గేట్ రాసి, ఎంటెక్ చేసినవాళ్ళే లోపలికి దూరడానికి ఆపసోపాలు పడుతుంటే, మనసు కాక్‌పిట్‌లో పెట్టుకుని అత్తెసరు మార్కులతో బయటపడ్డవాడికి అక్కడ ఎవరు కుర్చీ వేస్తారు? విమానం బొమ్మ ఉందని డిగ్రీ తీసుకోవడం, ఏనుగు బొమ్మ ఉందని బీడీ కట్ట కొనడం లాంటిదే.

మూడోది మన జాతీయ చిహ్నం, బీటెక్ సీఎస్ఈ. దీనికి న్యాయం చెయ్యాలి. మొదటి ప్రశ్న ఇది పాసవుతుంది. కోవిడ్ దెబ్బ నుంచి విమానయానం ఇంకా కోలుకోని 2021లో ఐటీ కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్నాయి, మనకి జీతాలు ఎలా పెరిగాయో మనకి తెలుసు. వేరే ర్యాకే, ఒప్పుకుంటా. తప్పేది రెండో ప్రశ్న దగ్గరా, మూడో ప్రశ్న దగ్గరా.

నాలుగేళ్ళు ఏమవుతుంది, కుర్రాడికి ఇరవై రెండే కదా అంటారు. కానీ పోయేది మొదటి నాలుగేళ్ళు కాదండీ, చివరి నాలుగేళ్ళు. పైలట్ 65కి ఎలాగూ దిగిపోవాలి. ఆలస్యంగా ఎక్కినవాడు కోల్పోయేది శిక్షణ రోజుల్ని కాదు, పెద్ద విమానానికి కెప్టెన్‌గా, జీతం శిఖరం మీద ఉన్న నాలుగేళ్ళని. బీటెక్‌కి అయ్యే అసలు ఖర్చు కాలేజీ ఫీజు కాదు, ఇది. అంత ఖర్చు పెట్టి కొన్న బ్యాకప్ రిస్టోర్ అవుతుందా అంటే అదీ లేదు. నేను మూడేళ్ళుగా మా టీం కోసం ఇంటర్వ్యూలకి కూర్చుంటున్నాను. ఎప్పుడో సీఎస్ఈ పాసై, తర్వాత పదేళ్ళు విమానాలు నడిపి, ఒక్క ప్రాజెక్టూ చెయ్యని మనిషి రెజ్యూమే నా దాకా రాదు. హెచ్ఆర్ వాళ్ళ ఫిల్టర్లోనే రాలిపోతుంది. వచ్చినా అబద్ధమెందుకు, ఫ్రెషర్ పోస్టుకి అతన్ని తీసుకోవడానికి మా మేనేజర్ ఒప్పుకోడు. మన డిగ్రీకి షెల్ఫ్ లైఫ్ ఎంతో మనకన్నా ఎవరికి బాగా తెలుసు? 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి ఫ్రెషర్ల పని ఏమవుతుందో అని మనమే గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్నాం. అదే డిగ్రీని ఇంకొకడికి "పదేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది, దాచుకో" అని చెప్పడానికి మనకి నోరెలా వస్తుంది?

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు కథంతా ఇక్కడే ఉంది, మనం మాట్లాడనిదీ ఇదే. యాభై లక్షల అప్పు, పదేళ్ళు, 11 శాతం వడ్డీ అనుకోండి. ఈఎంఐ నెలకి దాదాపు 69 వేలు. మన సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్‌కి ఏళ్ళ తరబడి ఇస్తున్నది ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కల. చేతికొచ్చేది నెలకి ముప్పై వేల లోపు. పైలట్ ఉద్యోగం రాకపోతే ఈ "బ్యాకప్" ఉద్యోగం చేసి ఆ అప్పు తీరుస్తాడట! సగం కూడా కట్టలేడు. పైగా ఖాళీగా ఉన్నన్నాళ్ళూ లైసెన్స్ చచ్చిపోకుండా చూసుకోవాలి, ఏడాదికోసారి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రెన్యువల్ అనీ అదనీ ఇదనీ ఆ ఖర్చు వేరే. ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రికి కొడుకు చేతిలో బీటెక్ పట్టా ఉందన్న ధైర్యం, వానలో కాగితం గొడుగు లాంటిది.

అంచేత నేను చెప్పేదేంటంటే, ఈ వృత్తిలో మొదటి బ్యాకప్ డిగ్రీ కాదు, డబ్బు. బీటెక్‌కి పెట్టబోయే లక్షలు (కన్వీనర్ కోటా సీటు కాకపోతే అవెన్నో మీకు తెలుసు) పక్కన పెట్టి, ఏడాదిన్నర రెండేళ్ళ ఈఎంఐలకి సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యండి. అప్పు ఎంత తగ్గితే బ్యాకప్ అంత బలం. డబ్బు అసలే లేదంటారా, ప్రభుత్వ ఖర్చుతో ఎగిరే దారి ఒకటుంది. యూపీఎస్సీ పెట్టే ఎన్‌డీఏ పరీక్ష. ఇంటర్ అర్హత చాలు, 2022 నుంచి అమ్మాయిల్ని కూడా తీసుకుంటున్నారు. జేఎన్‌యూ డిగ్రీ చేతికొస్తుంది, తర్వాత వాయుసేన అకాడమీ మన దుండిగల్లోనే. ఎంపిక కఠినం, ఆ జీవితం వేరు, ఏళ్ళ తరబడి కట్టుబడి ఉండాలి. దాన్ని "ఎయిర్‌లైన్స్‌కి షార్ట్‌కట్" అనుకుని వెళ్ళకూడదు. కానీ ఎంపీసీ పిల్లలకి ఈ మాట చెప్పే సాఫ్ట్‌వేర్ అన్నయ్యని నేనింతవరకూ చూళ్ళేదు.

మరి డిగ్రీ వద్దా? కావాలి. ఎలాంటిది? మూడు ప్రశ్నలూ పాసయ్యేది. ఎయిర్‌లైన్స్‌తో సంబంధం లేనిది, శిక్షణకి అడ్డురానిది, నలభై ఏళ్ళప్పుడు దుమ్ము దులిపితే మళ్ళీ నడిచేది.

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడ పుట్టిందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే, 1982లో, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇగ్నో వచ్చింది. వాటిలో బీకామ్ చెయ్యడానికి అయ్యే ఖర్చు పైలట్ శిక్షణ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. "దూరవిద్య బీకామా?" అని మూతి విరవకండి. లెక్కలు, టాక్స్, జీఎస్టీ తెలిసిన మనిషికి నలభై అయిదేళ్ళొచ్చినా వయసు అడ్డురాదు. మావయ్య వ్యాపారంలోనైనా కూర్చోవచ్చు, సొంతంగానైనా మొదలెట్టొచ్చు. ఆ డిగ్రీ మీద తర్వాత ఎప్పుడైనా మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చెయ్యొచ్చు. నలభై దాటిన ఫ్రెషర్ ప్రోగ్రామర్‌ని చూసి జనం నవ్వుతారు, నలభై దాటిన లాయర్‌ని చూసి నమస్కారం పెడతారు. ఒక్క హెచ్చరిక, సీఏ మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఆర్టికల్‌షిప్ అంటే ఏళ్ళ తరబడి పూర్తికాలం పని, దానికీ ఫ్లయింగ్‌కీ పొసగదు.

కంప్యూటర్లే కావాలంటే 2020లో ఐఐటీ మద్రాస్ మొదలెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ ఉంది. జేఈఈ అక్కర్లేదు, వాళ్ళ క్వాలిఫయర్ దాటితే చాలు. మెట్లు మెట్లుగా ఉంటుంది, మధ్యలో ఆగినా ఎంత చదివితే అంతకి సర్టిఫికెట్ వస్తుంది. శిక్షణలో వర్షాల వల్లా, విమానాల కొరత వల్లా, పేపర్ల ఫలితాల కోసమూ పిల్లలు నెలల తరబడి ఖాళీగా కూర్చునే రోజులుంటాయి. ఆ రోజులకి ఇది అచ్చంగా సరిపోతుంది. కానీ అది తేలిక కాదని ముందే తెలుసుకోండి. ఆన్‌లైన్ కదా అని చేరి వదిలేస్తే అదీ కాగితం గొడుగే.

ఏ డిగ్రీ అయినా సరే, ఏడాదికోసారి రిస్టోర్ చేసి చూడాలి. బీకామ్ చేస్తే నెలకి రెండు రోజులు ఎవరో ఒకరి లెక్కలు రాయాలి. కంప్యూటర్ చదువైతే చిన్నదో పెద్దదో ఒక ప్రాజెక్టు బతికించి ఉంచాలి. పైలట్లు ఆర్నెల్లకోసారి సిమ్యులేటర్లో కూర్చుని ఇంజన్ చెడిపోతే ఏం చెయ్యాలో సాధన చేస్తారు. అది నిజంగా చెడిపోతుందని కాదు, చెడిపోయిన రోజున చేతులు వణక్కూడదని. ఆకాశంలో అంత క్రమశిక్షణ ఉన్నవాడు కెరీర్ విషయంలో మాత్రం "సర్టిఫికెట్ బీరువాలో ఉందిలే" అనుకోవడం ఏం న్యాయం? నలభై దాటాక మెడికల్ పోతే ఆదుకునే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ అనేది కూడా ఒకటుంది. ఉద్యోగంలో చేరేరోజే అది ఉందా, ఎంతకుందో అడగాలి. డిగ్రీల గురించి ఏళ్ళ తరబడి వాదించుకునే మనవాళ్ళకి ఆ పేరు కూడా తెలీదు.

ఇహ అమెరికాలో ఉన్న అన్నయ్యలు, వదినలు "ఇక్కడ సంగతి వేరు" అంటారు. వేరే, ఒప్పుకుంటా. అక్కడ ఎయిర్‌లైన్లో చేరాలంటే మామూలుగా 1500 గంటలు కావాలి. ఎఫ్ఏఏ గుర్తించిన కాలేజీలో ఏవియేషన్‌లో బ్యాచిలర్స్ చేసినవాళ్ళకి 1000 గంటలు చాలు. అంటే అక్కడ ఏవియేషన్ డిగ్రీకి 500 గంటల విలువుంది. సీనియారిటీ మీదే అన్నీ నడిచే చోట ఆ ముందడుగు చిన్నది కాదు. కానీ అది వేగం, బ్యాకప్ కాదు. ఆ రెండిటినీ కలపకండి. 2020 అక్టోబర్‌లో అక్కడి పెద్ద ఎయిర్‌లైన్స్ వేలమందిని ఫర్లోలో ఇంటికి పంపినప్పుడు ఏవియేషన్ డిగ్రీ ఎవరినీ కాపాడలేదు. పైగా డిగ్రీ తప్పనిసరి అని పట్టుబట్టిన డెల్టా లాంటి సంస్థే 2022 జనవరిలో ఆ నిబంధన తీసేసింది. మీ అమ్మాయి అక్కడ పుట్టి పెరిగి పైలట్ అవుతానంటే ఏవియేషన్ మేజర్ చెయ్యనివ్వండి, దాంతో పాటు అకౌంటింగో స్టాటిస్టిక్సో రెండో మేజర్‌గా పెట్టించండి. వేగానికి ఒకటి, రక్షణకి ఒకటి.

"పద్దెనిమిదేళ్ళవాడికి ఏం తెలుసు, ఇష్టం మారిపోదా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మారొచ్చు. మరి పదిహేనేళ్ళకే రెసిడెన్షియల్ కాలేజీలో పడేసి, పొద్దున అయిదింటికి లేపి, వాడికి ఎంపీసీ ఇష్టమో కాదో ఒక్క మాట అడగని పెద్దమనుషులకి హఠాత్తుగా పిల్లాడి ఇష్టాలు మారతాయన్న జ్ఞానం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇష్టం నిజమో కాదో తేల్చడానికి నాలుగేళ్ళ బీటెక్ అక్కర్లేదు. ముందు కొన్ని వేలు ఖర్చుపెట్టి క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్ చేయించండి. రంగుచుక్కల్లో అంకెలు కనపడకపోతే కథ అక్కడే తేలిపోతుంది. అప్పటికి వాడి వయసు పద్దెనిమిదే, వచ్చే ఏడాది ఎప్‌సెట్ రాసుకోవచ్చు. తర్వాత ఇంట్లో కూర్చునే రెండు మూడు పేపర్లు చదివించండి. వాతావరణ శాస్త్రం పుస్తకంతో ఆరు నెలలు కాపురం చేసి కూడా ఎగరాలంటున్నాడంటే అది యూనిఫాం మోజు కాదు. అన్నాక అప్పు గురించి ఆలోచించండి. ఈ వరస తిరగబడి, బీటెక్ అయ్యాక ఇరవై రెండేళ్ళప్పుడు మెడికల్‌కి వెళ్ళి వర్ణాంధత్వం అని తెలిస్తే... ఆ నాలుగేళ్ళూ వాడు ఏ ఆశతో బండి లాగాడో ఆ ఆశకి మీరేం సమాధానం చెప్తారు?

నిజంగా ఇంజనీరింగ్ ఇష్టపడేవాడు బీటెక్ చేస్తానంటే నాకే పేచీ లేదు. "ఇంట్లో డబ్బు లేదు, బీటెక్ చేసి అయిదేళ్ళు ఉద్యోగం చేసి నా డబ్బుతో నేను ఎగురుతా" అనేవాడికైతే లేచి నిలబడి దండం పెడతా. కానీ దాని పేరు బ్యాకప్ కాదు, పెట్టుబడి. పేరు సరిగ్గా పెడితే లెక్క సరిగ్గా వస్తుంది.

అసలు నాకు కోపం ఎక్కడొస్తుందంటే, "ముందు బీటెక్ చెయ్యి" అనేవాళ్ళలో ముప్పాతిక మందికి బ్యాకప్ గురించి దిగులే లేదు. నాలుగేళ్ళలో వాడే మర్చిపోతాడు, క్యాంపస్‌లో ఉద్యోగమొస్తుంది, పెళ్ళి సంబంధాలొస్తాయి, ఈ పిచ్చి వదిలిపోతుంది, అదీ అసలు ప్లాను. "వద్దు" అని మొహం మీద చెప్పే ధైర్యం లేక దానికి బ్యాకప్ అని మన భాషలో ఒక గౌరవనీయమైన పేరు పెట్టారు. సంతకం పెట్టేది మాత్రం మనం. "వద్దు" అంటే పిల్లాడు పోట్లాడతాడు, కారణం అడుగుతాడు, అప్పు లెక్కలు బయటికొస్తాయి, తండ్రి భయం బయటికొస్తుంది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. "తర్వాత చూద్దాం" అంటే ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. పిల్లాడు తలూపుతాడు.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా, మీకు ఆ ఫోన్ వస్తుంది, ఇవాళ కాకపోతే రేపు. డబ్బు చాలదు అనిపిస్తే చాలదనే చెప్పండి. వద్దు అనిపిస్తే వద్దనే చెప్పండి, కారణంతో సహా. బ్యాకప్ గురించే అడిగితే మాత్రం ఆఫీసులో అడిగే ఆ మూడు ప్రశ్నలే అడగండి. వేరే ర్యాక్‌లో ఉందా? అసలు పనికి అడ్డొస్తుందా? చివరిసారి రిస్టోర్ చేసి చూసిందెప్పుడు? ఆ మూడిటికీ జవాబు లేకుండా ఇంకొకడి జీవితాన్ని ప్రొడక్షన్‌లోకి తోసెయ్యకండి.